మెయిన్ రోడ్డుకు ఏది మేలు: వెడల్పా, ముస్తాబా, కొట్లకు ఊతమా?

విశాఖపట్నంలో జగదాంబ జంక్షన్ నుంచి పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్ మీదుగా పాత పోస్టాఫీసు వైపు సాగే మెయిన్ రోడ్డు మీద, దాన్ని ఆనుకున్న సందుల్లో, పెళ్లి బట్టల నుంచి పూజ సామాను దాకా ఇప్పటికీ దొరకనిదంటూ లేదు. అయినా పెద్ద బేరాలు ద్వారకానగర్‌కి, మాల్స్‌కి, ఫోన్‌లోని యాప్‌లకి తరలిపోతున్నాయి. ఈ పాత ఊరి, అంటే వన్‌టౌన్ కొట్లు పండగలకి, పెళ్లిళ్ల సీజన్‌కి ఎదురుచూస్తూ మిగతా రోజులు నెట్టుకొస్తున్నాయి.

ఈ వీధికి మళ్లీ కళ రావాలంటే ఏం చేయాలి అని అడిగితే మూడు రకాల జవాబులు వినిపిస్తాయి. రోడ్డు వెడల్పు చేస్తే అన్నీ సర్దుకుంటాయని ఒకరు. రంగులు వేసి, దీపాలు పెట్టి, నడిచేవాళ్లకు వదిలేస్తే జనం వాళ్లే వస్తారని ఇంకొకరు. ముందు కొట్టువాళ్లు, తోపుడుబండ్లవాళ్లు నిలబడే దారి చూడండని మూడోవారు. నా మొగ్గు మూడోదానికే. రెండోదాంట్లోనూ సగం కావాలంటాను.

వెడల్పు మాట

వెడల్పు కావాలనేవాళ్ల బాధ నిజమైనదే. సాయంత్రం ఐదు దాటాక ఈ దారిలో ఆటో ఎక్కినవాళ్లకి అది చెప్పనక్కర్లేదు. కేజీహెచ్ ఆసుపత్రికి వెళ్లే అంబులెన్సుకి దారి దొరకాలి, అగ్నిప్రమాదం జరిగితే ఫైరింజను సందు దాకా రావాలి. ఆ రెండింటికీ అడ్డొచ్చే మలుపుల్ని సరిచేయాల్సిందే.

కానీ వీధి పొడుగునా వెడల్పు అంటే కొట్ల ముందు భాగం తెగిపోవడం. ఇక్కడి పాత దుకాణాలు చాలా వరకు చిన్నవి. పది అడుగుల లోతున్న కొట్టులో ఐదు అడుగులు పోతే గల్లా పెట్టె, ఒక బీరువా పట్టేంత చోటు మిగులుతుంది. పరిహారం ఇస్తారు కదా అంటారు. ఇలాంటి పనుల్లో డబ్బుకి బదులు ఎక్కువగా టీడీఆర్ బాండ్లు ఇస్తారు. పోయిన స్థలానికి బదులుగా మరోచోట అదనంగా కట్టుకునే హక్కు, లేదా ఆ హక్కుని అమ్ముకునే వీలు. అది స్థలం యజమానికి వెళ్తుంది. ముప్పై ఏళ్లుగా అద్దెకి ఉండి, అడ్వాన్సు కట్టి, ఖాతాదార్లని సంపాదించుకున్న వ్యాపారి ఆ లెక్కలోకి రాడు. వీధిని నిలబెడుతున్నది అతను, నష్టపోయేదీ అతనే.

పైగా రోడ్డు విశాలమైతే బళ్ల వేగం పెరుగుతుంది. ఈ వీధిలో బేరం జరిగేది అటూ ఇటూ దాటుతూ. చీర ఇటు పక్క కొని, ఫాల్, పికో కోసం అటు పక్కకి వెళ్తారు. మధ్యలో డివైడర్ వచ్చి, బళ్లు దూసుకుపోతుంటే పిల్లని చంకనేసుకున్న ఆవిడ అటు వైపు కొట్టు మానేస్తుంది.

వన్‌టౌన్‌లో రోడ్డు వెడల్పు గురించి ఒక పాత కథ ఉంది. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి విగ్రహం రోడ్డు మధ్యలో ఉందని 1912లో మున్సిపాలిటీవాళ్లు ఒక పక్కకు జరిపారట. 1917లో ఊళ్లో ప్లేగు చెలరేగితే, అమ్మవారిని కదిపినందుకే ఇలా జరిగిందని నమ్మి జనం మళ్లీ పాత చోటే నిలిపారని ఆలయ చరిత్రలో చెబుతారు. నమ్మకం సంగతి ఎవరిష్టం వారిది. చోటుని బట్టే జనం వస్తారని, చోటు మారితే అలవాటు తెగిపోతుందని మాత్రం ఆ వీధిలో కొట్టు పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

నడిచేవాళ్లకి వదిలేస్తే

దీనికి మనకి దగ్గరలో ఉన్న ఉదాహరణ చెన్నై టీ నగర్‌లోని పాండీ బజార్. అక్కడ 2019లో బళ్ల దారిని తగ్గించి, కాలిబాటల్ని బాగా వెడల్పు చేసి, కూర్చునే చోట్లు పెట్టారు. కార్ల కోసం దగ్గర్లోనే బహుళ అంతస్తుల పార్కింగ్ కట్టారు. ఢిల్లీ చాందినీ చౌక్‌లో ఇంకా ముందుకెళ్లి, ఎర్రకోట నుంచి ఫతేపురి మసీదు దాకా సుమారు 1.3 కిలోమీటర్ల మేర ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకు మోటారు వాహనాలు రాకూడదన్నారు. 2021లో ఆ కొత్త వీధిని ప్రారంభించారు. నడిచేవాళ్లకి హాయిగానే ఉంది. కానీ హోల్‌సేల్ సరుకు పగలు దిగే దారి లేదని అక్కడి వ్యాపారులు మొత్తుకున్నారు. పూర్ణా మార్కెట్ పక్కన ఇలాంటి పని చేయాలనుకునేవాళ్లు ఈ సంగతి ముందే గుర్తుపెట్టుకోవాలి. కూరగాయల బస్తాలు, అరటి గెలలు, పూల బుట్టలు నెత్తిమీద మోసేది హమాలీలు. ట్రాలీ ఆటో రెండు వీధుల అవతల ఆగితే ఆ దూరమంతా వాళ్ల మెడమీదే పడుతుంది, కూలి ఖర్చు కొట్టువాడి మీద పడుతుంది.

నిజానికి చెన్నై దాకా, ఢిల్లీ దాకా వెళ్లక్కర్లేదు. మార్గశిర మాసంలో గురువారం నాడు బురుజుపేట వైపు వెళ్లి చూడండి. పోలీసులు బళ్లని మళ్లిస్తారు, జనం బారులు తీరి నడుస్తారు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు, పూలు, జాకెట్టు ముక్కలు అమ్మేవాళ్లకి తల ఎత్తే తీరిక ఉండదు. అమ్మవారిని మొక్కుకుని వచ్చేటప్పుడు చాలామంది ఇంటికి కావలసినవి కూడా కొనుక్కునే వెళ్తారు. అంటే ఈ వీధుల్లో బళ్లు ఆపి జనాన్ని నడిపించడం పోలీసులకీ తెలుసు, కార్పొరేషన్‌కీ తెలుసు, వ్యాపారులకీ తెలుసు. ఆర్కే బీచ్ రోడ్డుని తెల్లవారుజామున వాకింగ్ చేసేవాళ్లకి వదలడం కూడా నగరానికి అలవాటే.

అయితే అమ్మవారి కోసం వచ్చేవాళ్లు బళ్లు ఆపినా వస్తారు, ఆపకపోయినా వస్తారు. మామూలు మంగళవారం నాడు కుక్కర్ కొనడానికి గోపాలపట్నం నుంచి ఎవరొస్తారు? ఇత్తడి బిందె, స్టీలు డ్రమ్ము, ఫ్యాను కొన్నవాళ్లు దాన్ని ఎక్కడిదాకా మోసుకెళ్లాలి? అందుకే పూర్తిగా మూసేయమని నేను అనను. వారంలో ఒక సాయంత్రం, నాలుగు నుంచి తొమ్మిది దాకా, ఒకే ఒక్క ముక్కలో మొదలుపెట్టాలి. సరుకు దిగడానికి ఉదయం పది లోపు సమయం ఖాయం చేయాలి. బేరాలు పడిపోయాయని వ్యాపారులు చెబితే మర్నాడే ఎత్తేయొచ్చు. కూల్చిన గోడని అలా తిరిగి నిలబెట్టలేం. వెడల్పుకీ దీనికీ నాకు కనిపించే అతి పెద్ద తేడా అదే.

ముస్తాబులో మిగతా సగం, అంటే ఒకే రంగు బోర్డులు, అలంకార దీపస్తంభాలు, సెల్ఫీ పాయింట్లు, వాటి మీద నాకు పెద్దగా ఆశ లేదు. ఎండలో నీడ, వానలో కాలు జారని ఫుట్‌పాత్ ఉంటే చాలు.

కొట్టుకీ బండికీ ఊతం

ఈ వీధి మాల్‌కీ యాప్‌కీ ఎక్కడ పోటీ ఇవ్వగలదో తెలుసుకోవాలంటే ఒక మ్యాచింగ్ సెంటర్ ముందు పది నిమిషాలు నిలబడితే సరిపోతుంది. ఆవిడ సంచిలోంచి చీర తీస్తుంది. కొట్టాయన అంచు చూసి, వెనక అరల్లోంచి ఒకే రంగులా కనిపించే నాలుగు తానులు లాగుతాడు. ట్యూబులైటు వెలుగు నమ్మకుండా చీరనీ తానునీ గుమ్మం దాకా తెచ్చి ఎండలో పక్కపక్కన పెడతాడు. రెండు తీసేస్తాడు. మూడోదాన్ని చూసి "ఇది ఉతికాక వెలుస్తుందమ్మా, వద్దు" అని తనే పక్కన పడేస్తాడు. ఫోన్ తెర మీద ఆ పని జరగదు. జరగాలంటే ఆ కొట్టాయన దగ్గర అన్ని రంగుల తానులూ ఉండాలి, వాటికి పెట్టుబడి ఉండాలి.

ఆ పెట్టుబడి దగ్గరే చిన్నవాళ్ల నడుం విరుగుతోంది. తోపుడుబండ్లవాళ్లకీ, పూలమ్మేవాళ్లకీ చేతికందేది డైలీ ఫైనాన్స్. పదివేల అప్పుకి చేతికి తొమ్మిది వేలిచ్చి, రోజుకి వంద చొప్పున వంద రోజులు వసూలు చేసే పద్ధతినే తీసుకోండి. చూడటానికి వడ్డీ వెయ్యి రూపాయలే. కానీ అసలు రోజూ తగ్గుతూ వస్తుంది కాబట్టి, ఏడాది లెక్కన చూస్తే అది 80 శాతం దగ్గరికి వెళ్తుంది. ఏ అరటిపళ్ల వ్యాపారం అంత లాభం ఇస్తుంది?

దీనికి బదులు దారులు లేకపోలేదు. వీధి వ్యాపారుల కోసం 2020లో మొదలైన పీఎం స్వనిధి రుణ పథకంలో తొలి విడత 10,000 ఇచ్చేవారు. 2025లో మొదటి మూడు విడతల్ని 15,000, 25,000, 50,000గా మార్చి, పథకాన్ని 2030 మార్చి దాకా పొడిగించారు. వాయిదాలు సక్రమంగా కడితే వడ్డీలో 7 శాతం రాయితీ తిరిగి ఖాతాలో పడుతుంది. కొట్టు ఉన్నవాళ్లకి ముద్ర రుణాలున్నాయి: శిశు కింద 50,000 దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా, హామీ అడగకుండా.

చిక్కల్లా కాగితాల దగ్గరే వస్తోంది. గుర్తింపు పత్రమో సిఫారసు లేఖో లేని బండివాళ్లకి స్వనిధి అందదు. లెక్కలన్నీ అరువు పుస్తకంలోనే ఉన్న కొట్టాయనకి బ్యాంకు మేనేజర్ ముందు చూపించడానికి ఏమీ ఉండదు. వార్డు సచివాలయం నుంచి ఒకరు వారానికి రెండు రోజులు మార్కెట్లోనే కూర్చుని ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు), బ్యాంకు దరఖాస్తు, క్యూఆర్ ద్వారా వచ్చిన డబ్బు స్టేట్‌మెంటు, ఇవి చేసిపెడితే చాలు. దీపస్తంభాల ఖర్చులో ఇది ఎన్నో వంతు?

చట్టం కూడా వాళ్ల పక్షానే ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తిచేసి పత్రాలిచ్చే దాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు. ఏ బండి ఎక్కడ నిలవాలో ఆ కమిటీలో కూర్చుని తేల్చుకుంటే, పోలీసు వచ్చినప్పుడల్లా తట్టలు ఎత్తుకుని పరుగెత్తే టెన్షన్ తప్పుతుంది. కొట్టువాళ్లకీ బండ్లవాళ్లకీ మధ్య గొడవ కూడా సగం తగ్గుతుంది.

అలాగని అప్పు ఒక్కటే మందు అనుకోకూడదు. బేరం లేని కొట్టుకి అప్పిస్తే అరల్లో సరుకు పెరుగుతుంది, వాయిదా భయం పెరుగుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలలూ మత్స్యకార కుటుంబాల చేతిలో డబ్బు ఆడదు, వాళ్లకి సరుకిచ్చే కొట్లలో అరువు పేరుకుంటుంది. అలాంటి కాలానికి తగ్గట్టు వాయిదాలు జరపగలిగే రుణం కావాలి. దాంతోపాటు మనుషుల రాకా పెరగాలి.

మనుషులు రావాలంటే అన్నిటికంటే ముందు శుభ్రమైన మరుగుదొడ్లు కావాలి. పెళ్లి షాపింగ్ అంటే నాలుగైదు గంటల పని. మాల్‌కి పోతే ఆ ఇబ్బంది ఉండదని ఆడవాళ్లు అటు మళ్లుతున్నారు. కౌంటర్ వెనక పది గంటలు నిలబడే సేల్స్ అమ్మాయిల అవస్థ ఇంకా ఎక్కువ. మంచినీళ్లు తక్కువ తాగి నెట్టుకొచ్చేవాళ్లున్నారు. కురుపాం మార్కెట్ దగ్గర ఒకటి, పూర్ణా మార్కెట్ దగ్గర ఒకటి, మధ్యలో ఇంకొకటి, రాత్రి కొట్లు కట్టే దాకా మనిషి కాపలాతో నడిపిస్తే అది ఏ రుణానికీ తీసిపోని సాయం.

కాబట్టి నన్నడిగితే మొదటి ఏడాది మరుగుదొడ్లు, కాగితాలు, చవక పెట్టుబడి, సరుకు దించే వేళలు, వారానికి ఒక నడక సాయంత్రం. ఇవి కుదురుకున్నాక ఫుట్‌పాత్‌లు, నీడ. వెడల్పు మాత్రం అంబులెన్సుకి అడ్డుపడే మలుపుల వరకే, అదీ అద్దె వ్యాపారికి దగ్గర్లోనే మరో చోటు చూపించాక. ఇంకో మాట కూడా ముందే తేల్చుకోవాలి. వీధి బాగుపడితే అద్దెలు పెరుగుతాయి, మ్యాచింగ్ సెంటర్ పోయి ఆ చోట బ్రాండెడ్ షోరూం వస్తుంది. ప్రభుత్వ సొమ్ముతో ముందు భాగం బాగుచేయించుకున్న భవన యజమాని కనీసం ఐదేళ్లు పాత అద్దెదారుని ఖాళీ చేయించకూడదని, అద్దె ఏటా ఇంతకు మించి పెంచకూడదని, పని మొదలుకాకముందే ఒప్పందం రాయించుకోవాలి.