హాలోవీన్‌కి ఇల్లు దెయ్యాలకొంప చేయాలంటే ఏది మేలు: గాలిబొమ్మలా, అస్థిపంజరమా, పొగా లైట్లా?

అక్టోబరు 31 సాయంత్రం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలోనో న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో మన ఇంటికొచ్చే పిల్లలు గుమ్మం ముందు మహా అయితే ఒక నిమిషం ఉంటారు. సైడ్‌వాక్ మీంచి డోర్ దాకా నడవడం, "ట్రిక్ ఆర్ ట్రీట్" అనడం, క్యాండీ సంచిలో వేసుకోవడం, పక్కింటికి పరుగెత్తడం. నెల ముందు నుంచి పడే శ్రమ, పెట్టే డబ్బు అంతా ఆ ఒక్క నిమిషం కోసమే. కాబట్టి ఏది కొన్నా ఆ నిమిషంలో అదేం పని చేస్తుందో చూసి కొనాలి. నా ఓటు లైట్లకీ పొగకీ. కాకపోతే అవి పనిచేసేది చీకటి పడ్డాకే, ఆ చీకటి ఎప్పుడు పడుతుందనేది ఊరిని బట్టి ఉంటుంది.

అమెరికాలో 2007 నుంచి గడియారాలు వెనక్కి తిప్పేది నవంబరు మొదటి ఆదివారం. అంతకుముందు అక్టోబరు చివరి ఆదివారమే తిప్పేవారు కాబట్టి హాలోవీన్ నాటికి పెందలాడే చీకటి పడేది. ఇప్పుడు డాలస్ వైపు ఆ రోజు సూర్యాస్తమయం సుమారు 6:35కి. మూడు నాలుగేళ్ల పిల్లల్ని అమ్మానాన్నలు ఐదున్నర, ఆరింటికే తిప్పడం మొదలుపెడతారు. అంటే టెక్సాస్‌లో బుడతలు చాలామంది ఎండలోనే వచ్చి ఎండలోనే వెళ్లిపోతారు. వాళ్ల కోసం ప్రొజెక్టర్ పెట్టి లాభం లేదు, గోడ మీద ఏమీ కనపడదు. న్యూజెర్సీలో, సియాటిల్‌లో ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. అక్కడ లైట్ల మీద పెట్టిన ప్రతి డాలరూ పనికొస్తుంది.

ముందు గాలిబొమ్మల సంగతి. ప్లగ్ పెట్టిన కాసేపటికే ఎనిమిదడుగుల దెయ్యం లేచి నిలబడుతుంది, మేకులు నాలుగు దిగ్గొడితే పనైపోయింది. సర్దడానికి పది నిమిషాలు, దాచడానికి ఒక అట్టపెట్టె. ఉద్యోగం, స్కూల్ పికప్‌లు, కుమాన్ క్లాసుల మధ్య ఇంతకంటే సులువైనది లేదు. పసిపిల్లలు భయపడరు సరికదా, వెళ్లి కౌగిలించుకుంటారు. అయితే దానికి ఊపిరి పోసే ఫ్యాన్ ఆగకుండా తిరగాల్సిందే, ఆ రొద గుమ్మం దాకా వినిపిస్తుంది. ఫ్యాన్ హోరు వింటూ ఎవరూ భయపడరు. వాన పడి ప్లగ్‌లోకి నీళ్లు దిగితే షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే బయటి జీఎఫ్‌సీఐ అవుట్‌లెట్ ట్రిప్ అవుతుంది, దెయ్యం అక్కడే పడిపోతుంది. పగలు ఆపేస్తే లాన్ మీద పిండి పడేసిన దుప్పటిలా పడి ఉంటుంది. ఒకటి పెడితే సరదాగా ఉంటుంది. ఆరు పెడితే మాత్రం అది దెయ్యాలకొంప కాదు, బర్త్‌డే పార్టీ.

అస్థిపంజరం మోజు 2020లో మొదలైంది. ఆ ఏడాది హోమ్ డిపో అనే ఇంటి సామాన్ల స్టోర్ పన్నెండు అడుగుల అస్థిపంజరాన్ని 299 డాలర్లకి అమ్మకానికి పెడితే చకచకా అయిపోయింది. స్కెల్లీ అని దానికి ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. దాని బలం ఒక్కటే, పట్టపగలు కూడా వీధి చివరి నుంచి కనపడుతుంది. పైన చెప్పిన టెక్సాస్ ఎండ సమస్యకి నిజంగా పనికొచ్చే మందు ఇదే. మిగతా 364 రోజులు దాన్నెక్కడ పెడతారన్నది అసలు ప్రశ్న. బియ్యం బస్తాలు, కాస్ట్‌కో పేపర్ టవల్స్, ఇండియాకి తీసుకెళ్లే ఖాళీ సూట్‌కేసులు పోగా మన గరాజ్‌లో కారుకే చోటుండదు. గాలికి పడకుండా తాళ్లతో లాగి కట్టాలి, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు ఎన్నాళ్లు ఉంచనిస్తారో కనుక్కోవాలి. పైగా వీధిలో నాలుగిళ్ల ముందు అదే నిలబడితే పిల్లలు దానివైపు తలెత్తి కూడా చూడరు. మనిషి సైజువి రెండు కొంటే ఆ డబ్బులో సగం కూడా అవదు. ఒకదాన్ని వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి చేతిలో కాఫీ కప్పు పెట్టండి, ఇంకోదాన్ని మేడ కిటికీలోంచి బయటికి పాకుతున్నట్టు కట్టండి. ఎత్తు కంటే భంగిమే ఎక్కువ పని చేస్తుంది.

చేత్తో చేసుకునే శ్మశానం ఈ రెండింటికంటే చవక, పిల్లలకి రెండు వారాంతాల పని. ఇళ్లకి ఇన్సులేషన్‌గా వాడే రెండంగుళాల ఫోమ్ బోర్డు సమాధి రాళ్లకి సరిగ్గా సరిపోతుంది. కత్తితో కోసి, అక్షరాలు చెక్కి, బూడిద రంగు లేటెక్స్ పెయింట్ వేయాలి. మామూలు స్ప్రే పెయింట్ కొడితే అందులోని ద్రావకం ఫోమ్‌ని కరిగించేస్తుంది, అందంగా కోసిన రాయి గుంటలు పడిపోతుంది. రాళ్ల మీద రాతలకి మనవాళ్లకి కరువు లేదు. "గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తూ..." అని ఒక రాయి పెడితే పిల్లల్ని తీసుకొచ్చిన తెలుగు నాన్నలందరూ దాని ముందు ఆగుతారు.

దెయ్యాలకి చీజ్‌క్లాత్ అని అమ్మే పల్చటి నూలు గుడ్డ చాలు. పొడవాటి సీసా మీద బంతి పెట్టి, చిక్కటి గంజిలో ముంచిన గుడ్డ దాని మీద పరిచి ఒక రాత్రి ఆరనిస్తే, సీసా తీసేశాక కూడా గుడ్డ ఆ ఆకారంలోనే నిలబడుతుంది. గంజి పెట్టిన పంచెలు చూస్తూ పెరిగినవాళ్లకి ఈ పని కొత్తగా నేర్పక్కర్లేదు. వానకి మాత్రం మెత్తబడిపోతుంది, వరండా కప్పు కిందే వేలాడదీయాలి. పొదల మీద లాగి పరిచే సన్నటి సాలెగూడు దూది జోలికి పోకండి. చిన్న పిట్టలు, సీతాకోకచిలుకలు చిక్కుకుంటాయి. గూడు కావాలంటే లావుపాటి తాడుతో అల్లండి.

ఇక లైట్లు. పై రెండు పేరాల్లో చేసిన శ్మశానాన్ని మామూలు వరండా బల్బు కింద చూస్తే స్కూలు ప్రాజెక్టులా ఉంటుంది. అదే బల్బు ఆర్పి, ఒక నీలం ఫ్లడ్‌లైట్ పక్కనుంచి వెన్నెలలా పడనిచ్చి, రాళ్ల వెనక నేల మీద చిన్న ఆకుపచ్చ లైటొకటి పైకి తిప్పి పెడితే నీడలు గోడంతా పాకుతాయి. మనకి వెలుగు పైనుంచి పడటం అలవాటు కాబట్టి కింద నుంచి పడితే మామూలు ముఖం కూడా తేడాగా కనిపిస్తుంది. కిటికీకి నల్లకాగితంతో కోసిన మనిషి ఆకారం అంటించి, గదిలో నారింజ రంగు లైటు వేస్తే లోపల ఎవరో నిలబడ్డట్టే ఉంటుంది. ఖర్చు రెండు చార్టులు. ప్రొజెక్టర్ ఉన్నవాళ్లు కిటికీ లోపల తెల్లటి షవర్ కర్టెన్ కట్టి, గదిలోంచి దాని మీద వీడియో వేయొచ్చు. 1862లో లండన్‌లో జాన్ హెన్రీ పెప్పర్ అనే శాస్త్రవేత్త ఏటవాలు గాజుపలకలో ప్రతిబింబంతో రంగస్థలం మీద దెయ్యాన్ని చూపించి జనాన్ని హడలగొట్టాడు. 1969లో తెరిచిన డిస్నీల్యాండ్ హాంటెడ్ మాన్షన్‌లో నాట్యం చేసే దెయ్యాలదీ అదే కిటుకు. ఇంట్లో అంత గాజు అక్కర్లేదు, కర్టెన్ చాలు.

అతినీలలోహిత కాంతినిచ్చే బ్లాక్‌లైట్ బల్బు ఒకటి కొంటే డిటర్జెంట్‌తో ఉతికిన తెల్లబట్టలు వాటంతటవే మెరుస్తాయి. సీసాలో టానిక్ వాటర్ పోసి పక్కన పెడితే అందులోని క్వినైన్ వల్ల నీలంగా వెలుగుతుంది, మంత్రగత్తె కషాయం తయారు.

పొగ మెషీన్ 400 వాట్లది 50 డాలర్ల లోపే దొరుకుతుంది. గ్లైకాల్ కలిపిన నీళ్లని వేడి చేసి పొగలా ఊదుతుంది. వేడిగా వస్తుంది కాబట్టి పైకి లేచిపోతుంది. ఐస్ నింపిన పెట్టెలోంచి పంపితే చల్లబడి సమాధుల మధ్య నేలబారుగా పాకుతుంది. ఆ తేడా చూశాక ఐస్ లేకుండా ఎవరూ వాడరు. గాలి వీస్తే మాత్రం ఏ పెట్టే కాపాడదు. డ్రై ఐస్ (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్) చాలామంది వాడతారు గానీ, మైనస్ 78 డిగ్రీల చలి చేతిని కాల్చేస్తుంది, మూసిన గదిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. పిల్లలు తిరిగే చోట నేను వద్దనే అంటాను. చకచకా వెలిగి ఆరే స్ట్రోబ్ లైట్లు కూడా అంతే, కొందరికి మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. శబ్దానికి పొదలో దాచిన బ్లూటూత్ స్పీకర్ చాలు. ఎడతెగని కేకల కంటే గాలి హోరు, తలుపు కిర్రుమనడం మేలు, పక్కింటివాళ్లూ ఓర్చుకుంటారు. అన్నిటినీ ఒకే అవుట్‌లెట్‌కి తగిలించకండి. 15 ఆంపియర్ల సర్క్యూట్ అంటే 120 వోల్టుల దగ్గర 1800 వాట్లు, గంటల తరబడి నడపడానికైతే 1440 దాటకూడదు. పెద్ద పొగ మెషీన్ ఒక్కటే 1000 వాట్లు లాగుతుంది.

చీకటి చేయడంలో ఒక చిక్కుంది. వరండా లైటు వెలుగుతుంటే క్యాండీ ఉందని, ఆరిపోయి ఉంటే లేదని అమెరికా పిల్లలకి తెలుసు. మరీ చీకటి చేస్తే మీ దెయ్యాలకొంపని చూసి, ఎవరూ లేరనుకుని పక్కింటికి వెళ్లిపోతారు. వరండా బల్బు ఆర్పేయకుండా రంగుది పెట్టండి, క్యాండీ గిన్నె మీదా మెట్ల మీదా మామూలు వెలుగు పడనివ్వండి. మాస్కుల్లోంచి పిల్లలకి కాళ్ల కింద సరిగా కనపడదు.

గరాజ్‌లో నల్ల ప్లాస్టిక్ షీట్లతో సందులు కట్టి, లోపలికి నడిపించే కొంప పెట్టాలని కొందరికి ఉంటుంది. పిల్లలు పెద్దయ్యాక గుర్తుంచుకునేది అదే అని ఒప్పుకుంటాను, కానీ నా లెక్కలో అది అన్నిటికంటే కిందే. 1984 మే 11న న్యూజెర్సీలోని సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్ అనే వినోదాల పార్కులో హాంటెడ్ కాజిల్ తగలబడి ఎనిమిది మంది టీనేజర్లు చనిపోయారు. లోపల మంటలార్పే నీటి స్ప్రింక్లర్లు లేవు, ఫోమ్ అంటుకుంది, చీకట్లో దారి దొరకలేదు. మన గరాజ్‌లోనూ ఉండేది అదే సరంజామా: ఫోమ్, ప్లాస్టిక్, చీకటి, ఒకే దారి. అయినా పెట్టాలనుకుంటే గరాజ్ తలుపు పూర్తిగా తెరిచి, రెండు వైపులా దారి వదిలి, దీపాలన్నీ ఎల్‌ఈడీవే వాడి, ఒక పెద్దవాళ్లని లోపలే ఉంచండి. పొగ మెషీన్ లోపల వద్దు, స్మోక్ అలారం మోగుతుంది, ఆస్తమా పిల్లలకి ఊపిరాడదు.

మన ఇళ్లలో ఇంకో లెక్కా ఉంది. 2024లో దీపావళి, హాలోవీన్ ఒకే రోజు పడ్డాయి. 2027లో దీపావళి హాలోవీన్‌కి రెండు మూడు రోజుల ముందే. ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు "పండగ పూట గుమ్మంలో పుర్రెలేంటమ్మా" అంటే జవాబు ఉండదు. ముగ్గు పక్కన సమాధి పెట్టలేం. అలాంటి ఏడాది కూడా లైట్లే మేలు: రిమోట్‌తో రంగు మారితే అదే గోడ లక్ష్మీపూజకీ పనికొస్తుంది. గాలిబొమ్మదీ ఇబ్బంది లేదు, ప్లగ్ పీకితే చాలు. పన్నెండడుగుల ఆసామీని మాత్రం రెండు రోజుల కోసం దింపి మళ్లీ ఎక్కించడం ఎవరివల్లా కాదు.

ఇంట్లో ఐదేళ్ల లోపు పిల్లలుండి, టెక్సాస్‌లో ఉంటే ఒక గాలిబొమ్మ, కుర్చీలో ఒక అస్థిపంజరం, నాలుగు సమాధి రాళ్లు. న్యూజెర్సీ, సియాటిల్ వైపు ఉంటే గాలిబొమ్మ డబ్బు పొగ మెషీన్‌కి, రెండు ఫ్లడ్‌లైట్లకి మళ్లించండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే తలుపు, దాని పక్క కిటికీ తప్ప మీ చేతిలో ఏమీ లేదు, నల్లకాగితం బొమ్మే మీ కొంప. ఈ ఏడాదికి ఆలస్యమైందనుకుంటే నవంబరు 1న షాపుకి వెళ్లండి. హాలోవీన్ సామాన్లు అమ్మే స్పిరిట్ హాలోవీన్ లాంటి చోట్ల అన్నీ సగం ధరకి దిగుతాయి. ముందు ఫ్లడ్‌లైట్లు ఉన్నాయేమో చూడండి, మిగిలిన డబ్బుతో అస్థిపంజరం.