ల్యాబ్ బల్ల మీద యాంటీస్టాటిక్ మ్యాట్ కిట్: మ్యాట్ బాగుంది, బటన్‌తోనే ఇబ్బంది

సర్క్యూట్ బోర్డులు విప్పి బిగించే బల్లకు ఈ కిట్ నిక్షేపంగా పనికొస్తుంది. బోర్డుల భాగాలను పాడుచేసే స్థిర విద్యుత్తును, అంటే ఛార్జీని, ఎర్త్‌లోకి పంపేయడమే దీని పని. 2 మిల్లీమీటర్ల మందం, రెండు పొరల రబ్బరు. ఆకుపచ్చ పైపొర ఛార్జీని మెల్లగా వదిలితే, అడుగున నల్లపొర దాన్ని ఎర్త్‌కు చేరుస్తుంది. సోల్డరింగ్ బొట్టు పడితే చిన్న మచ్చ తప్ప చిల్లు పడదు.

లోపమల్లా మూలనున్న స్నాప్ బటన్‌ది. పట్టు వదులు, దానికి తగిలించిన ఎర్త్ వైరు కాస్త లాగితే ఊడొస్తుంది. ఊడిందంటే మ్యాట్ ఉన్నా లేనట్టే.

ఒంటి మీది ఛార్జీని ఎర్త్‌కు పంపే మణికట్టు పట్టీ వైరులో 1 మెగాఓమ్ రెసిస్టర్ (కరెంటును అడ్డుకునే భాగం) ఉంటుంది. పొరపాటున 230 వోల్టులు తగిలినా కరెంటు పావు మిల్లీయాంప్ దాటదు, అందుకే దాన్ని తీసేసి మామూలు వైరు కలపకండి. వైరు రెండు చివరలకూ మల్టీమీటర్ పెట్టి, అటూ ఇటూ వంచండి. అంకె ఎగిరిపడితే లోపల తీగ తెగినట్టే. పట్టీ చొక్కా చేతి మీద కాదు, ఒంటికి తగలాలి.

వైరు చివరి క్లిప్పు తగిలించాల్సింది ఎర్త్‌కే, న్యూట్రల్‌కు ఎప్పుడూ వద్దు. ముందు ప్లగ్గులో ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి; చాలా పాత గదుల్లో రంధ్రమే ఉంటుంది, తీగ ఉండదు.

తుడవడానికి నేల ఫినాయిల్, మైనం కలిసిన పాలిష్ వద్దు. పైన పొర కట్టి ఛార్జీని ఆపేస్తాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు చాలు.

థర్మోకోల్, పాలిథీన్ కవర్ల మీది ఛార్జీని ఏ మ్యాటూ లాగలేదు. వాటిని బోర్డుకు కనీసం అడుగు దూరంలో ఉంచండి.