దడ ముందా, భయం ముందా?

రాత్రి పదింటికి సందు మలుపులో కుక్క ఒక్కసారిగా మొరిగింది. స్కూటర్ హ్యాండిల్ మీద చేతులు బిగుసుకున్నాయి, గుండె దడదడలాడింది. భయమేసి దడ వచ్చిందా, దడ వచ్చి భయమేసిందా?

రెండోదే నిజమంటాడు అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్. ముందు ఒంట్లో మార్పు, దాన్ని మనసు పసిగట్టడమే భావోద్వేగం అని 1884లో రాశాడు. మరుసటి ఏడాది డెన్మార్క్ వైద్యుడు కార్ల్ లాంగే కూడా దాదాపు అదే అన్నాడు.

1927లో అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ దీన్ని గట్టిగానే ఎదిరించాడు. కోపమొచ్చినా, భయమేసినా, జ్వరమొచ్చినా గుండె వేగం పెరుగుతుంది; మరి ఏది ఏదో దడని బట్టి ఎలా తెలుస్తుంది? పైగా పొట్టా పేగులూ నిదానంగా కదిలే సరుకు, భయమేమో క్షణంలో వచ్చేస్తుంది. అన్నిటికంటే నాకు నచ్చింది పిల్లుల సంగతి. లోపలి అవయవాల్ని ఉరకలెత్తించే నరాలు తీసేసినా, మొరిగే కుక్కను చూసి అవి చెవులు వెనక్కి వాల్చి బుసకొట్టాయి! మెదడు నుంచే భావమూ, ఒంటి స్పందనా ఒకేసారి బయల్దేరతాయని కానన్, ఆయన శిష్యుడు ఫిలిప్ బార్డ్ వాదన.

నా మొగ్గు కానన్ వైపే. కానీ పరీక్ష హాలు బయట నాలుగుసార్లు నెమ్మదిగా ఊపిరి వదిలితే టెన్షన్ కాస్త దిగుతుంది చూడండి, అక్కడ మాత్రం జేమ్స్‌ని కొట్టిపారేయలేను.