పులిపిర్లకు పెయింటా, నైట్రోజనా, కాల్పించుకోవడమా? మూడూ వాడి చూశాక

చేతివేళ్ల మీద పులిపిర్లకైతే నా ఓటు పులిపిరిని గడ్డకట్టించే ద్రవ నైట్రోజన్‌కే, అరికాలి వాటికి మాత్రం యాసిడ్ పెయింట్‌కి. కాల్పించుకోవడం జోలికి ఇక పోను.

పెయింట్ అంటే సాలిసిలిక్, లాక్టిక్ యాసిడ్లు కలిసిన చిన్న సీసా. పూసీ పూసీ విసుగొచ్చి పారేసేవాళ్లే ఎక్కువ. అసలు పని గీకడంలో ఉంది. రాత్రి గోరువెచ్చటి నీళ్లలో కాసేపు కాలు నానబెట్టి, తెల్లగా ఉబ్బిన తోలును నెయిల్ ఫైల్‌తో గీకాలి (ఆ ఫైల్ ఇంట్లో ఇంకెవరూ ముట్టకూడదు, వైరస్ అంటుతుంది). చుట్టూ మంచి చర్మానికి వాజలిన్ రాసి, పులిపిరి మీద మాత్రమే ఒక చుక్క వేయాలి. ఆరి పొరలా బిగుస్తుంది. మర్నాడు ఆ పొర తీసి, మళ్లీ అదే పని. గీకుతుంటే నల్ల చుక్కలు కనిపిస్తాయి. అవి పులిపిరి వేళ్లని అంటుంటారు గానీ, నిజానికి గడ్డకట్టిన సన్నటి రక్తనాళాలు. అవి పోయి చర్మం గీతలు మళ్లీ కలిసేదాకా ఆపొద్దు. నెలలు పడుతుంది, ఓపిక లేకపోతే డబ్బు దండగ.

నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల చల్లదనం. కొట్టేది కొన్ని సెకన్లే అయినా, గోరు పక్కనైతే ఆ రాత్రంతా సలుపుతుంది. బొబ్బ లేస్తుంది, రెండు మూడు వారాలకోసారి వెళ్లాలి. చామనఛాయ కాబట్టి నాకు తెల్ల మచ్చ మిగిలింది. 2010లో వచ్చిన ఒక డచ్ అధ్యయనంలో మామూలు పులిపిర్లు 13 వారాలకు నైట్రోజన్‌తో 49 శాతం మందికి, సాలిసిలిక్ యాసిడ్‌తో 15 శాతం మందికి పోయాయి. అరికాలి వాటిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నా అనుభవమూ అదే.

కరెంటుతో కాల్చడం ఒక్క పూటలో అయిపోతుంది. మత్తు సూదే అసలు నరకం. మళ్లీ రాదన్నారు, పుండు మానిన అంచునే ఇంకోటి మొలిచింది. వైరస్ చుట్టుపక్కల చర్మంలోనూ ఉంటుంది మరి.

సున్నం, చాకలి సోడా చిట్కా ప్రతి ఇంట్లోనూ చెప్తారు. తోలు కాలిపోతుంది, అంతే. పిల్లలకైతే చాలావరకు రెండేళ్లలో వాటంతటవే పోతాయి, కంగారు పడక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్లు కాలికి, ఎవరైనా సరే ముఖానికి, పెయింట్ సొంతంగా వాడొద్దు.

సీసా మూత గట్టిగా బిగించండి, లేకపోతే మందు జిగటగా ముద్ద కడుతుంది. పొయ్యి దగ్గర అస్సలు పెట్టొద్దు, అంటుకుంటుంది.