హార్న్ టవరా, ఫుల్‌రేంజ్ టవరా?

చిన్న ట్యూబ్ ఆంప్లిఫయర్‌కు సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కు ఎంత గట్టిగా మోగుతుందనే కొలత) ఎక్కువున్న టవర్, అంటే నేల మీద నిలబెట్టే పొడవాటి స్పీకర్ కావాలి. 88 డీబీ బదులు 98 డీబీ స్పీకర్ పెడితే అదే శబ్దానికి పదో వంతు పవర్ చాలు. బడ్జెట్‌లో దొరికేవి రెండు రకాలు: బేస్‌కు ఒక డ్రైవర్ (శబ్దం పుట్టించే భాగం), ట్రెబుల్‌కు గరాటులాంటి హార్న్ ట్వీటర్ ఉన్న టూ-వే; బేస్, ట్రెబుల్ రెండూ ఒకే ఫుల్‌రేంజ్ డ్రైవర్ పలికించే పెట్టె.

డ్రమ్స్, ఆర్కెస్ట్రా ఎక్కువగా వినేవారికి హార్నే నయం. అయితే ఇంపెడెన్స్ (స్పీకర్ ఆంప్‌కు చూపే విద్యుత్ నిరోధం) 8 ఓమ్‌లని రాసి ఉన్నా బేస్‌లో 4 కంటే కిందికి దిగే మోడళ్లున్నాయి. ఆంప్‌కు 4 ఓమ్ ట్యాప్ (4 ఓమ్ స్పీకర్ కోసం ఇచ్చే టెర్మినల్) ఉంటే స్పీకర్‌ను దానికీ కలిపి వినండి. ప్లాస్టిక్ హార్న్ వెనక వేలితో తడితే ఖంగుమంటోందా? బ్యూటైల్ షీట్ (కంపనాన్ని అణిచే రబ్బరు షీట్) అంటించండి, ఆ మోత చాలావరకు అణుగుతుంది. ట్వీటర్‌కు సిరీస్‌లో ఉన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ తీసి అదే విలువ పాలిప్రొపిలీన్ కెపాసిటర్ వేస్తే ట్రెబుల్ కాస్త గుచ్చుకోవచ్చు. కారణం, పాతదాని లోపలి రెసిస్టెన్స్ పోవడం. కొత్తదానికి సిరీస్‌లో 0.3 నుంచి 0.5 ఓమ్ రెసిస్టర్ కలిపితే సర్దుకుంటుంది.

గాత్రం, వీణ మీద ప్రాణమైతే ఫుల్‌రేంజ్. గొంతు ఒక్క చోటి నుంచే వస్తుంది, ఆ సహజత్వం క్రాస్ఓవర్‌తో (శబ్దాన్ని బేస్, ట్రెబుల్‌గా విడదీసి వేర్వేరు డ్రైవర్లకు పంపే సర్క్యూట్) రావడం కష్టం. లోపం బేస్ పలచబడటం: ముందు పలక 25 సెంటీమీటర్ల వెడల్పుంటే దాదాపు 460 హెర్ట్జ్ దగ్గర నుంచే బలం తగ్గుతుంది. పై స్వరాలను తగ్గించి బేస్‌తో సమం చేయడానికి 1.7 మిల్లీహెన్రీ కాయిల్‌ను 5 ఓమ్ రెసిస్టర్‌తో ప్యారలల్‌గా కలిపి, ఆ జతను 8 ఓమ్ డ్రైవర్‌కు సిరీస్‌లో పెట్టండి. ఇందుకు 4 డీబీ సెన్సిటివిటీ వదులుకోవాలి. స్పీకర్‌ను గోడకు దగ్గరగా పెడితే 3 ఓమ్ రెసిస్టర్, 1 మిల్లీహెన్రీ కాయిల్ సరిపోవచ్చు, నష్టమూ తగ్గుతుంది.