మియాపూర్ లాయర్ మేడం ఆఫీసు: రీసేల్ ఫ్లాట్ రిజిస్ట్రేషన్ పని బాగా చేశారు

మియాపూర్‌లో 68 లక్షలకి రీసేల్ ఫ్లాట్ కొన్నాం. బ్రోకరేమో "రిజిస్ట్రేషన్‌కి అన్నీ కలిపి 6 లక్షలు ఇచ్చేయండి సార్, నేను చూసుకుంటా" అన్నాడు, దేనికెంత అంటే మాత్రం ఒక్క ముక్క చెప్పడు, అందుకే మా బావగారు ఈ లాయర్ మేడం దగ్గరికి తీసుకెళ్లారు.

ఆవిడ తెల్ల కాగితం తీసి లెక్క రాసి చూపించారు. ప్రభుత్వ విలువ కంటే మా అగ్రిమెంట్ ధరే ఎక్కువ కాబట్టి దాని మీదే స్టాంప్ డ్యూటీ 5.5 శాతం, 3,74,000. ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, 1,02,000. రిజిస్ట్రేషన్ ఫీజు అర శాతం, 34,000. మొత్తం 5,10,000, ఇది చలానా రూపంలో మీరే కట్టండి, ఎవరి చేతికీ క్యాష్ ఇవ్వకండి అన్నారు. మ్యుటేషన్ (రికార్డుల్లో ఓనర్ పేరు మార్పు) లాంటి చిన్న ఖర్చులు వేరే, ఆవిడ ఫీజు 15,000 వేరే.

టీడీఎస్ (అమ్మేవాళ్ల తరఫున ముందే పట్టుకుని కట్టే ఆదాయపు పన్ను) సంగతి మాకు అసలు తెలీదు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లే 1 శాతం పట్టుకుని కట్టాలంట, ఇదొక అదనపు ఖర్చా అని మా ఆవిడ కంగారు పడితే, కాదమ్మా, ఓనర్‌కి ఇచ్చే డబ్బులోంచే 68,000 తగ్గించి ఆయన పాన్ మీద కడతాం అని చెప్పి 26క్యూబీ ఫారం దగ్గరుండి నింపించారు.

అన్నిటికన్నా మేలు ఈసీ (ఆస్తి మీద తాకట్టులు, లావాదేవీలు చూపించే సర్టిఫికెట్) విషయంలో జరిగింది. అందులో పాత మార్ట్‌గేజ్ ఎంట్రీ అలాగే ఉంది. ఓనర్ లోన్ ఎప్పుడో తీర్చేశాడు, బ్యాంకు ఎన్ఓసీ (బాకీ ఏం లేదని ఇచ్చే కాగితం) కూడా ఉంది, కానీ రిలీజ్ డీడ్ (తాకట్టు విడిపించినట్టు రాసే పత్రం) రిజిస్టర్ చేయించలేదు, అంటే రికార్డుల్లో ఫ్లాట్ ఇంకా తాకట్టులోనే ఉన్నట్టు. బ్రోకర్ ఎన్ఓసీ ఉందిగా చాలు అన్నాడు. మేడం అస్సలు ఒప్పుకోలేదు, రిలీజ్ డీడ్ ఈసీలో ఎక్కాకే మిగతా డబ్బు ఇప్పిస్తా అన్నారు. పది రోజులు లేటయింది, ఓనర్‌కి కోపం వచ్చింది, అయినా పని పూర్తి చేయించాకే రిజిస్ట్రేషన్ స్లాట్ బుక్ చేశారు. మా కష్టార్జితం అది, ఆవిడకి ఎంత థ్యాంక్స్ చెప్పినా తక్కువే.

ఇబ్బందులు కూడా ఉన్నాయి. సాయంత్రం 6 దాటితేగానీ ఫోన్ ఎత్తరు. ఆఫీసు రెండో అంతస్తులో, లిఫ్ట్ లేదు, మోకాళ్ల నొప్పులతో మా అమ్మ ఎక్కలేకపోయింది. సేల్ డీడ్ డ్రాఫ్ట్‌లో యూడీఎస్ (ఫ్లాట్‌కి వచ్చే స్థలం వాటా) 38 గజాలకి బదులు 33 అని పడింది, మేం చూసి చెప్తే వెంటనే దిద్దారు. డ్రాఫ్ట్ ముందురోజే ఇంటికి ఇస్తారు, పేర్లూ గజాలూ హద్దులూ లింక్ డాక్యుమెంట్లతో (ఆస్తి పాత పత్రాలతో) పెట్టి చూసుకోండి.