బియ్యమా, సంతకమా, అర్జీనా: తపస్సుకాలంలో ఏది మేలు?

ఈస్టర్‌కు ముందు నలభై రోజుల తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం దగ్గర పడిందంటే చాలు, మా కాజీపేట చుట్టుపక్కల యువతా బృందాల నుంచి ఫోన్లు మొదలు. "అన్నా, ఈసారి బియ్యం పోగుచేద్దామా, పోపు గారు చెప్పిన పేద దేశాల అప్పుల రద్దుకు సంతకాలు పెట్టిద్దామా?" చెప్పి చెప్పి నోరు నొస్తోంది, అందుకే రాస్తున్నాను. ప్రజావాణిలో, అంటే సోమవారం కలెక్టరేట్‌లో జనం గోడు వినే చోట, కౌలురైతుల కోసం అర్జీ ఇవ్వడం గురించి ఎవరూ అడగరు. దాన్ని నేనే కలుపుతున్నాను.

బియ్యంతో నాకు పేచీ లేదు. ఇంటింటికీ పిడికెడు చొప్పున పోగైంది ఆ వారమే ఒకరి పొయ్యి మీదికి చేరుతుంది. తపస్సుకాలంలో కతోలిక సభ సేవాసంస్థ కారితాస్ ఇండియాకు పంపే కానుక కూడా ఈ లెక్కలోదే. 2023 జులైలో భూపాలపల్లి వైపు మోరంచపల్లి ఊరు వరదలో మునిగినప్పుడు కావలసింది అన్నం, దుప్పటి. అర్జీ పట్టుకుని పోతే నవ్వేవాళ్లు. కానీ నిరుడు పరకాల వైపు ఒక కౌలురైతు అక్క సంచి అందుకుంటూ అన్న మాట నన్ను వదల్లేదు. "బియ్యం తెచ్చిండ్రు, సంతోషం. కౌలు కాగితం ఎవరు ఇప్పిస్తరు బిడ్డా?"

ఇక సంతకాలు. దీని చరిత్ర మన వాళ్లలో చాలామందికి తెలియదు. లేవీయకాండం 25వ అధ్యాయంలో యాభయ్యో ఏట, అంటే జూబిలీ ఏట, పోయిన భూమి తిరిగి వస్తుంది, అమ్ముడుపోయిన మనిషి ఇంటికి చేరతాడు. ఆ జూబిలీ మాట పట్టుకునే రెండో జాన్ పాల్ పోపు గారు 2000 నాటికి పేద దేశాల అప్పుల భారం తగ్గించాలని 1994లోనే రాశారు. కతోలిక సంస్థలు, ఇతర సంఘాలు కలిసి 'జూబిలీ 2000' ఉద్యమం నడిపాయి. 1998 మేలో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పెద్ద దేశాల కూటమి జీ8 నేతలు కూర్చున్న చోట దాదాపు 70,000 మంది మానవహారం కట్టారు. (మన వరంగల్ పత్తిరైతులు అప్పులకు తాళలేక పురుగుమందు తాగిన రోజులు కూడా అవే. అప్పట్లో ఈ రెండింటినీ కలిపి చూసినవాళ్లు మా దగ్గర ఎవరూ లేరు.) మరుసటి ఏడాది నేతలు జర్మనీలోని కొలోన్‌లో కలిస్తే జనం అక్కడికీ పోయారు. అప్పుల తగ్గింపు పథకాన్ని పెంచుతామని అక్కడ ఒప్పుకున్నారు. ఆ పథకం కింద మొదట ఊరట దక్కిన ఉగాండా, మిగిలిన డబ్బును బడులకు, వైద్యానికి మళ్లించింది.

నా లెక్కలో కీలకం ఇక్కడే ఉంది. వాళ్లు బర్మింగ్‌హామ్‌తో ఆగలేదు, కొలోన్‌కూ పోయారు. ఏ ఉద్యమాన్నైనా నేను అడిగే ప్రశ్న ఒకటే: రెండోసారి ఎవరు పోతారు? సభ పాతికేళ్లకోసారి జరుపుకునే జూబిలీ 2025లో వస్తే, కారితాస్ మళ్లీ అప్పుల మీద ప్రచారం పెట్టింది. దానికి మనం సంతకం పెడితే, రెండోసారి పోయే పని ఎక్కడో ఉన్న వాళ్లది. కాబట్టి పూజ అయ్యాక పది నిమిషాలు బల్ల వేయండి, సంతకాలు పెట్టించండి, అంతటితో సరి. నలభై రోజులూ దానికే పెట్టకండి.

కొవ్వొత్తుల ర్యాలీ అడిగేవాళ్లూ ఉన్నారు. ఫొటోలు బాగా వస్తాయి.

నా మొగ్గు అర్జీ వైపు. 2018లో వచ్చిన రైతుబంధు పట్టాదారుకే పోయింది, కౌలుదారుకు రాలేదు. 2024లో రెండు లక్షల దాకా మాఫీ అయింది బ్యాంకు పంటరుణమే. వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చింది అలాగే ఉంది. కౌలురైతుకు బ్యాంకు అప్పు దొరకాలని 2011లో చట్టం చేసి, రుణ అర్హత కార్డులు ఇస్తామన్నారు. ఆ కార్డు అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

నిరుడు మేమూ పోయాం. సోమవారం కలెక్టరేట్‌కు ఇరవై మందిమి, ముందు బ్యానర్. అర్జీ ఇచ్చాం, రసీదు తీసుకున్నాం. తర్వాతి సోమవారం పవిత్రవారంలో పడింది. పాటల ప్రాక్టీసు, పిల్లల పరీక్షలు. ఎవరూ పోలేదు, ఆ తర్వాతా పోలేదు. రసీదు ఇప్పటికీ నా బైబిల్లోనే ఉంది. తప్పు మాదే.

అందుకే ఈసారి ఇరవై మంది వద్దనుకున్నాం. నలుగురం, ఆరు సోమవారాలు. బండిలో పెట్రోలు ఎవరు పోయించాలో కూడా రాసుకున్నాం. ఆ నలుగురిలో పరకాల అక్క ఒకరు. ఆమె మాట్లాడాలి, మేం పక్కన నిలబడాలి. చిక్కల్లా ఒక్కటే. అది మిర్చి ఏరే కాలం, సోమవారం వస్తే ఆమెకు ఆ రోజు కూలి పోతుంది. బియ్యం కోసం పోగుచేసిన డబ్బులోంచి ఆ కూలి ఇద్దామని నేనన్నాను. ఫాదర్ గారు ఇంకా ఒప్పుకోలేదు.